డాలరుకు రెండో వేలం

బీకాం పట్టా చేతికొచ్చిన కొత్తలో, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. (ఆ రోజుల్లో ఉన్నంత తెలివి మళ్లీ ఎప్పుడూ లేదు.) పెనుకొండ నుంచి నేరుగా ధర్మవరం వెళ్లి, మా చిన్నాయన పట్టుచీరల వ్యాపారంలో లెక్కలు చూసే పనికి కుదిరాను. అప్పుడే ఆయనకు సింగపూరులోని ఒక దుకాణం నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. చీరలు పంపిన రెండు నెలలకు డాలర్లలో డబ్బు. ఈలోగా డాలరు పడిపోతే నేతగాళ్ల కూలి కూడా గిట్టదని ఆయన దిగులు. నిద్ర లేదు. కంచం ముందు కూర్చుని కూడా "ఇప్పుడెంత ఉండాది పాపా?" అని అడిగేవాడు.

నా చదువు చూపించుకోవడానికి ఇంతకంటే అదను దొరకదు. "బ్యాంకులో ఫార్వర్డ్ రాయిద్దాం చిన్నాయనా. డబ్బు వచ్చేనాటికి రేటు ఎట్లున్నా, ఈరోజు ఒప్పుకున్న రేటుకే వాళ్లు డాలర్లు కొంటారు" అంటూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు. వారం తిరక్కముందే డాలరు మేం ఒప్పుకున్న రేటు దాటి పైకి లేచింది, ఆ పెరిగినదంతా మాకు దక్కకుండా పోయినట్టే.

చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు నడిచాడు. ఆయన అంతకుముందు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్ముకున్న రైతు. అక్కడ వేలంలో పలికిన ధర నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. గూళ్లు మళ్లీ వేలానికి వస్తాయి. అదే ధీమాతో మేనేజరు ఎదురుగా కూర్చుని, "సార్, ఈ రేటు మాకు గిట్టల్యా. ఇంగోసారి వేలం పెట్టండి" అన్నాడు. మేనేజరు నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.

"ఇందులో రెండో వేలం ఉండదండీ. సంతకం పెట్టేశారు కదా" అన్నాడు మేనేజరు.

"గూళ్లయితే ఆలస్యం చేస్తే పురుగు బయటికొస్తాది. డాలర్లకేం తొందర సార్?"

మేనేజరు నవ్వు దాచుకోవడానికి మంచినీళ్లు తాగాడు.

బయటికొచ్చాక చిన్నాయన, "దుడ్లు వచ్చేనాటికి రేటు ఇట్లే పైనుంటే నువ్వు పెనుకొండ బస్సెక్కు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పని పోతే పోయింది, నాయనకు ముఖమెలా చూపించాలి? డాలరు పడేట్టు చూడమని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. (దేశం రూపాయి బలపడాలి, నా ఉద్యోగం కోసం!) స్వామి కనికరించలేదు. రేటు ఇంకా పెరిగాకే డబ్బు వచ్చింది.

బట్టలు సర్దుకుంటుంటే చిన్నమ్మ వచ్చి సంచి లాక్కుంది. "యాడికి పోతాండావు? బ్యాంకులో కుదరదన్నప్పట్నుంచి ఈయప్ప ఫోన్లో రేటు చూసేది మానేసినాడు. పెరిగినా తగ్గినా మనకేముందిలే అని హాయిగా పండుకుంటాండాడు. పెండ్లయినాక ఈయప్ప ఇంత నిద్ర పోయేది ఇప్పుడే చూస్తాండా. ఈ పిల్లను పంపిస్తే నేనూ బస్సెక్కుతా!" అని లోపలికి వినబడేట్టు అరిచింది. లోపలి నుంచి గురక వినిపించింది.

తర్వాతి ఆర్డరుకు బ్యాంకుకు చిన్నాయనే ముందు నడిచాడు. నా చదువే గెలిచిందని చాలాకాలం విర్రవీగాను. ఇప్పుడు ఆ వ్యాపారం నా చేతిలో ఉంది. ఫార్వర్డ్ ఎందుకని ఎవరైనా అడిగితే ఉపన్యాసం ఇవ్వను, "నిద్ర పట్టడానికి" అంటాను. డాలరు పడాలని దేవుడికి మొక్కుకున్న ఆ పిల్లకు ఈ మాట తెలియదు, పాపం. అప్పుడు ఎవరైనా చెప్పినా వినేది కాదు. బీకాం ఫస్ట్ క్లాసు కదా!