ఒంటిచెవి డాక్టరమ్మ

మా అంజలి మేడంకు ఎడమ చెవి వినపడదు. చెవులు కోసి బాగుచేసే డాక్టరమ్మకే ఒక చెవి లేదా అని నవ్వుకునేవాళ్లు తాండూరులో ఇంకా ఉన్నారు. నవ్వుకోనీయండి. ఆపరేషన్ థియేటర్‌లో ఆమెకు వినపడే కుడి పక్కన నిలబడి కత్తీ కత్తెరా అందించే నర్సును నేను, సంతోషమ్మను. ఆ నవ్వేవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

ఆమెది పూడూరు దిక్కు పల్లె. తండ్రి బీరన్న గొర్లు కాసేవాడు. చిన్నప్పుడు చెవిపోటు వస్తే తల్లి బుగ్గమ్మ, అక్కడి అందరు తల్లుల్లాగే, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. చీము కారింది. మళ్లీ నూనె, మళ్లీ చీము. చివరికి చెవే పోయింది. బళ్లో పిలిస్తే పలకడం లేదని పంతులు మొద్దు అన్నాడు. ఆ మొద్దే డాక్టరైంది. పైచదువుకు చెవి, ముక్కు, గొంతు తీసుకుంటానంటే ఒక పెద్ద ప్రొఫెసర్ "సగం వినికిడితో చెవి డాక్టరువి ఎట్లా అవుతావమ్మా?" అన్నాడట. "కంటి డాక్టర్లు కళ్లద్దాలు పెట్టుకోరా సార్?" అందట ఈమె. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది.

వికారాబాద్‌లో కొన్నాళ్లు పనిచేశాక హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. కాదని మా ప్రైవేటు ఆసుపత్రికి వచ్చింది. పాడైన చెవులన్నీ ఇక్కడుంటే నేనక్కడేం చేస్తాను అంది. నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్లలో మిషన్ల మోత భరించలేక పనివాళ్లు నూనెలో ముంచిన దూది చెవిలో కుక్కుకుంటారు. చీము కారితే దూదిని ఇంకాస్త లోపలికి తోస్తారు. లోపల ఎముక పుచ్చిపోతున్నా బయటికి తెలియదు.

ఆ యూనిట్లలోనే పనిచేసే మత్తయ్య అట్లాగే వచ్చాడు. కుడి చెవి ఎప్పుడో పోయింది. మిగిలిన ఎడమ చెవిలో పుచ్చు మెదడు వైపు పాకుతోంది, మూతి ఒక పక్కకు గుంజుకుపోతోంది. కోయకపోతే మనిషే దక్కడు. కోస్తే, గట్టిగా అరిస్తే వినిపించే ఆ కాస్త వినికిడీ పోవచ్చు. ఒక్క చెవే మిగిలిన మనిషిని ముట్టుకోవడానికి పేరున్న సర్జన్లే జంకుతారు. మేడం స్కానింగ్ చూసి "రేపు పొద్దున్నే చేద్దాం" అంది.

తెల్లారి థియేటర్ ముందు చూద్దును కదా, చెవి నిండా నూనె! గుప్పుమని వెల్లుల్లి వాసన. ఆయన భార్య నాగవ్వను పిలిచి అడిగాను.

"కోసేటప్పుడు నొప్పి కావొద్దని, జర మెత్తవడాల్నని పోసిన సిస్టరమ్మా."

నాకు ఒళ్లు మండింది. "నోట్ల ఏం పొయ్యొద్దన్న గాని చెవుల పొయ్యమన్ననా నాగవ్వా?"

ఆ కేకలకు ఆసుపత్రి యజమాని పాండురంగం వచ్చాడు. ముందునుంచీ ఈ ఆపరేషన్‌కు జంకుతున్న ఆయనకు సాకు దొరికింది. "ఇంకేంది మేడం, ఆపేయండి. హైదరాబాద్ పంపుదాం. ఉన్న ఒక్క చెవి ఈడ పోతే ఊరంతా మన ఆసుపత్రి పేరే చెప్తరు."

"చెవి పోతే నా పేరు చెప్పున్రి," అంది మేడం. "తొవ్వల మనిషే పోతే ఎవరి పేరు చెప్తరు? నూనె నేను తీసేస్త."

ఆయన ఊరుకోలేదు. నాగవ్వ వైపు తిరిగి "ఈ డాక్టరమ్మకే ఒక చెవి ఇనవడదు, ఎరుకేనా నీకు?" అన్నాడు. ఛీ, ఏం మనిషి! రోగి భార్య ముందు అనే మాటేనా అది?

నాగవ్వ మేడం వైపు తిరిగింది. "నిజమేనా డాక్టరమ్మా?"

"నిజమే. నన్ను గన్న మా అవ్వ గూడ నీ లెక్కనే నూనె పోసింది. నాకప్పుడు చూసేటోళ్లు లేకుండిరి. నీ పెనిమిటికి నేనున్న. చెవి నిలుస్తదని మాటియ్యలేను. పానం మాత్రం పోనియ్య. నువ్వు సరేనంటే చేస్త."

నాగవ్వ పాండురంగాన్ని ఎగాదిగా చూసింది. "నూనె పోసింది నేను. తిడితే నన్ను తిట్టున్రి, గామెనెందుకు అంటున్నరు?" అని, మేడం చెయ్యి పట్టుకుని "చెయ్యి బిడ్డా" అంది.

మధ్యాహ్నం దాటేదాకా మేడం మైక్రోస్కోప్ నుంచి తల ఎత్తలేదు. ముందు నూనె తీసింది, తర్వాత పాత దూది పోగులు, తర్వాత పుచ్చు. చెవి లోపల మూడు బుల్లి ఎముకలుంటాయి, శబ్దం వాటి మీదుగానే పోతుంది. రెండు అప్పటికే కరిగిపోయాయి. మూడోది సగం బియ్యపుగింజంత కూడా ఉండదు, దాని చుట్టూ పుచ్చు పట్టి ఉంది. అక్కడ చెయ్యి కాస్త తడబడితే వినికిడి ఇక రాదు. వదిలేస్తే పుచ్చు మళ్లీ పెరుగుతుంది. నాకు భయమేసి "అంతవరకు వదిలేద్దామా మేడం?" అన్నాను.

"వదిలేసేదానికి నేనెందుకు సంతోషమ్మా ఈడ?" అని తీయడం మొదలుపెట్టింది. ఎముక కదలకుండానే పుచ్చంతా తీసేసింది. చెవి డొప్పలోంచి మెత్తని ఎముక ముక్క తీసి, చెక్కి, శబ్దం మళ్లీ పోయేలా ఆ బుల్లి ఎముక మీద నిలబెట్టింది.

మనిషి బతికాడు. రోజులు గడిచేకొద్దీ మూతి వంకర కూడా సర్దుకోసాగింది. చెవి సంగతి మాత్రం కట్టు విప్పితేనే తెలుస్తుంది.

కట్టు విప్పేనాడు పాండురంగం కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడం చెవిలోని గుడ్డపట్టీ అంతా మెల్లగా లాగేసింది. మత్తయ్య గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు, ఉలుకూ పలుకూ లేదు. వెనకాల నిలబడ్డ నాగవ్వ ఆగలేక, ఇన్నేళ్లూ ఇంట్లో పిలిచినట్టే గొంతు చించుకుంది.

"ఇగో! నిన్నే! ఇనవడ్తున్నదా?"

మత్తయ్య ఉలిక్కిపడి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "గట్ల ఒర్రకే! చెవి గుయ్యిమంటున్నది."

నేను పాండురంగం వైపు తిరిగి "ఇన్నరు గద సార్? ఇగ మీ పని చూస్కోన్రి" అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన కట్టుకున్న చేతులు విప్పుకుని వెళ్లిపోయాడు.

"ఒర్రితే ముందు గూడ ఇన్నడు," అంది మేడం. "ఇప్పుడు మెల్లగ మాట్లాడు నాగవ్వా, చూస్త."

నాగవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. మా వైపు చూసి, పెదాలు కదిలీ కదలనట్టుగా, "ఏండ్ల సంది ఒర్రుడే డాక్టరమ్మా. ఈయనతోని మెల్లగ ఎట్ల మాట్లాడాల్నో మర్సిపోయిన" అంది. కొంగు నోట్లో కుక్కుకుని, గొంతు పైకి రానీయకుండా సన్నగా వెక్కసాగింది.

మత్తయ్య వెనక్కి తిరగలేదు. గోడ వైపే చూస్తూ అన్నాడు.

"ఎందుకేడుస్తున్నవే?"