పట్టుకునేవాళ్ల వరుస

మా ఊరి చర్చికి నా చిన్నప్పుడు గోడలు లేవు. కర్రలు పాతి, పైన రేకులు కప్పి, ఎండ పడే వైపు వడ్లు ఆరబోసే పట్టాలు కట్టేవాళ్లు. కోతలొస్తే ఎవరి పట్టా వాళ్లు విప్పుకుని కళ్లానికి పట్టుకుపోయేవాళ్లు కాబట్టి, ఆ నెలంతా మా ఆరాధన ఊరందరికీ కనబడేది. నేరేడుచర్ల మిల్లులకు వడ్లు తోలే లారీల మీద కూర్చున్న హమాలీలు కూడా మా పాటకు చప్పట్లు కొట్టి పోయేవాళ్లు. మాకూ అదేం తప్పనిపించేది కాదు.

ఏడాదికోసారి కోదాడ నుంచి ఒక పాస్టరుగారు వచ్చి మూడు రోజులు ఉజ్జీవ కూటాలు నడిపేవారు. పాస్టర్లను మేం అయ్యగారు అంటాం. ఈయన కోదాడ అయ్యగారు. మనిషి బక్కపలుచన, గొంతు మాత్రం మైకు లేకపోయినా పక్క ఊరికి వినబడేది. ఆ మూడు రోజులూ ఆయన ఉపవాసముండేవారు. వాక్య ప్రసంగం అయిపోయాక అందరినీ వరుసగా నిలబెట్టి, కొబ్బరినూనె వేలికి అద్దుకుని, ఒక్కొక్కరి నుదుటి మీద చేయి ఉంచి ప్రార్థన చేసేవారు. చేయి పడగానే చాలామంది వెనక్కి ఒరిగి పడిపోయేవాళ్లు.

దాన్ని మేం ఆత్మలో పడటం అంటాం. పరిశుద్ధాత్మ ముట్టుకుంటే ఒళ్లు నిలవదని మా నమ్మకం. నేనిప్పుడు దాన్ని వెక్కిరించడానికి కూర్చోలేదు. అలా పడి లేచి తాగుడు మానేసిన మగవాళ్లను, ఏళ్ల తరబడి మాటల్లేని తోడికోడళ్లు ఒకరి మెడ పట్టుకుని ఒకరు ఏడవడాన్ని నా కళ్లతో చూశాను. అయితే ముట్టింది ఆత్మే అయినా కింద ఉన్నది కటిక నేల. తలకాయ తలకాయే. అందుకని పడేవాళ్ల వెనక పట్టుకునేవాళ్లు కొందరు నిలబడేవాళ్లు.

ఆడవాళ్ల వైపు ఆ పని మా నాయనమ్మది. నాట్లు వేసి, బస్తాలు మోసి రాటుదేలిన మనిషి. ఎవరి భుజం వణుకుతోంది, ఎవరు ఇప్పుడు పడతారు, ఎవరు ఇంకాసేపు నిలబడతారు అన్నది వెనకనుంచి చూసే పసిగట్టేది. చంకల కింద చేతులు వేసి, నెమ్మదిగా చాప మీద పడుకోబెట్టి, కాళ్ల మీద దుప్పటి కప్పి, తర్వాతి మనిషి వెనక్కి జరిగేది. ఎంత లావు మనిషి పడినా ఆమె నోట 'అమ్మో' అన్న మాట రాలేదు.

మా పక్కింటి అక్క నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమె పడటం చూడముచ్చటగా ఉండేది. ముందు ఓణీ సర్దుకునేది, తర్వాత కళ్లు మూసుకునేది, ఆపైన అరటిబోదె ఒరిగినట్టు ఒరిగేది. లేచాక తెల్లటి వెలుగు కనబడిందని చెప్పేది. నాకు కుళ్లు పుట్టేది. కుళ్లు మహా పాపమని సండేస్కూల్లో చెప్పినా పుట్టేది.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. నాకంటే ముందు ఆమెకు ఇద్దరు పుట్టి దక్కలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు, ఈ బిడ్డ బతికితే నీ బిడ్డే ప్రభువా అని మాట ఇచ్చిందట. నేను బతికాను. బతికానే గానీ, నాకు జలుబు చేసినా, జామచెట్టెక్కి కాలు జారినా, దేవుడు నన్ను తన దానిగా ఒప్పుకోలేదేమోనని ఆమె గుండె కొట్టుకునేది. ఒక ఏడు కూటాల మొదటి రోజున నన్ను మొదటిసారి వరుసలో నిలబెట్టింది. ఆత్మ నన్ను ముట్టడం ఆమె కళ్లారా చూడాలి. అప్పుడుగానీ ఆమెకు నిమ్మళం లేదు.

అయితే నాకు కుదురు తక్కువ. నిలబడితే ఒక కాలితో ఇంకో కాలు గోక్కునేదాన్ని. అందుకని అమ్మ వరుసలోకి తోసే ముందు గట్టిగా చెప్పింది. "అయ్యగారు చెయ్యి పెట్టినంక జర గూడ కదలకు. నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు."

నేను కదల్లేదు. అయ్యగారు చేయి ఉంచారు. నా తల మీద బరువు పడింది. అమ్మ మాట గుర్తొచ్చి మెడ బిగబట్టాను. అయ్యగారు గొంతు పెంచారు. నేను మడమలు నేలలోకి దిగేసుకున్నాను. గట్టు మీద గడ్డిమోపుతో నిలబడటం అలవాటున్న కాళ్లు నావి. నా కుడిపక్క ఉన్నామె పడింది, ఎడమపక్క అక్క ఓణీ సర్దుకుని పడింది. చాపల మధ్య నేనొక్కదాన్నే గుంజలా మిగిలాను. అయ్యగారు నావైపు జాలిగా చూసి, "ఇంకా బాగా ప్రార్థన చేసుకో తల్లీ" అని ముందుకు వెళ్లిపోయారు.

ఇంటికెళ్లే దారిలో సంఘంలోని పెద్దామె ఒకామె అమ్మను ఆపింది. "పిల్లకు మొండి ఆత్మ ఉన్నట్టున్నది. ఉపవాసం పెట్టి ప్రార్థన చేపియ్యి" అంది. అమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఇంటికి రాగానే, "కొయ్య తీర్గ ఎందుకు నిలబడ్డవే" అని నా మీద పడింది. కదలొద్దని చెప్పిందెవరని అడిగే ధైర్యం నాకెక్కడిది. కొట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కొట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దేవుడికి నేను నచ్చలేదన్న సంగతి నాకు అప్పుడు రూఢి అయింది.

మర్నాడు నన్ను వరుసలో నిలబెట్టలేదు. నేనే వెళ్లి పక్కింటి అక్క కాళ్లావేళ్లా పడ్డాను. వాళ్ల గడ్డివాము పక్కన గడ్డి పరిచి నాకు పడటం నేర్పింది. "మోకాళ్లు వదిలెయ్యాలె. నడుము వంచొద్దు. కూసున్నట్టు పడితే అది పడుడు కాదు" అని తప్పులు దిద్దింది. గడ్డి మీద బ్రహ్మాండంగా పడ్డాను. అక్క కూడా మెచ్చుకుంది. జుట్టు నిండా గడ్డిపరకలతో ఇంటికెళ్తే అమ్మ కూర్చోబెట్టి దువ్వి తీసింది.

ఆఖరి రోజు వచ్చింది. అమ్మ ఎదురుగా నిలబడి పెదవులు కదుపుతూ నన్నే చూస్తోంది. అయ్యగారు నా ముందుకు వచ్చి చేయి ఉంచారు. నేను మోకాళ్లు వదిలాను. వదిలానా, అప్పుడు ఒక అనుమానం. ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాను. వెనక నాయనమ్మ లేదు. అవతల ఒక భారీ మనిషి అడ్డంగా పడుతుంటే అటు ఉరికింది. నా వెనక చాప, ఆ చాప మీద ఎవరో వదిలేసిన చెప్పు. గడ్డి లేదు.

భయమేసి ముందుకు తూలాను. మొన్నటి మొండితనమే అనుకున్నారేమో, అయ్యగారు రెండో చేయి కూడా వేసి బలంగా ఒత్తారు. నేను తలొంచి ఆనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన మళ్లీ నూనె అద్దుకోవడానికి రెండు చేతులూ తీసేశారు. నా తల సూటిగా వెళ్లి ఆయన పొట్టలో తగిలింది. మూడు రోజులుగా అన్నం ఎరగని పొట్ట. కోదాడ అయ్యగారు వెల్లకిలా పడ్డారు, ఆయన మీద నేను పడ్డాను. డోలకు వాయించే మా చిన్నాయన ముందు డోలకును పక్కకు లాగి కాపాడుకున్నాడు, ఆ తర్వాత అయ్యగారి వైపు చూశాడు.

పాట ఆగిపోయింది. చాపల మీద ఆత్మలో ఉన్నవాళ్లు కూడా కొందరు తలెత్తి చూశారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పెద్దామె నా వైపు వేలు చూపిస్తూ ఏదో అనబోయింది. ఆమె నోరు తెరిచేలోపు నాయనమ్మ వచ్చి నన్ను రెక్క పట్టి లేపి, అయ్యగారి వీపు వెనక చేయి వేసి కూర్చోబెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది. "ప్రభువు అయ్యగారిని గూడ ముట్టిండు. ఏం సూస్తున్నరు, స్తోత్రం చెప్పుండ్రి."

రేకులు అదిరేలా స్తోత్రం చెప్పారు. అయ్యగారు మంచి మనిషి. తల తడుముకుని నవ్వారు. "ఒంట్లో ఓపిక లేదమ్మా, పిల్లి ఆనుకున్నా పడిపోయేట్టున్నాను. ముందు అన్నాలు పెట్టండి, తర్వాత ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

కూటాల ఆఖరున అందరం కలిసి తినే భోజనాన్ని ప్రేమ విందు అంటాం. ఆ రోజు కోడికూర. ఆ వాసనకు కూడా నేను రాలేదు. చర్చి వెనక కట్టెల మోపు చాటున కూర్చుని ఏడుస్తున్నాను. నాయనమ్మ పళ్లెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. దేవునికి నేనంటే ఇష్టం లేదు నాయనమ్మా, అమ్మ గూడ ఏడుస్తున్నది అన్నాను. "ముందు తిను. ఆకలి మీద దేవుని ముచ్చట పెడితే అన్నీ తప్పులే వస్తయ్" అంది. రెండు ముద్దలు పెట్టాక అడిగింది, "నేను ఎన్నడన్న పడంగ సూసినవా?"

ఆలోచించాను. చూడలేదు.

"సూడవ్. నేను పడలే. మొదట్ల నేను గూడ శాన ఏడ్సిన, నన్నెందుకు ముడుతలేడని. ఒకనాడు ఒక ముసలామె పడుతుంటే యెనుక ఎవ్వరు లేకపోయె. ఉరికి పట్టుకున్న. ఆమె బరువంత నా చేతులల్ల పడంగనే నాకు ఏడుపు ఆగింది. ఎందుకాగిందో నాకు తెల్వది. అప్పటిసంది గాడనే నిలబడుతున్న." కోడి ముక్క నా వైపు జరుపుతూ అంది, "అందరు పడితే పట్టేటోళ్లెవరే? ఇయ్యాల అయ్యగారి యెనుక ఎవ్వరు లేకపోయె, సూసినవ్ గద."

ఏడుస్తూనే నవ్వాను. నవ్వు, ఎక్కిళ్లు, అన్నం ఒకేసారి గొంతుకు అడ్డం పడ్డాయి. నాయనమ్మ నా నెత్తి మీద తట్టి నీళ్లు తాగించింది.

భోజనాల తర్వాత ముగింపు ప్రార్థనకు నన్ను తన పక్కన, పట్టుకునేవాళ్ల వరుసలో నిలబెట్టుకుంది. మొదట నాకు అందిన మనిషి పక్కింటి అక్కే. ఓణీ సర్దుకుంది, కళ్లు మూసుకుంది, ఒరిగింది. చాప మీద పడుకోబెడుతుంటే ఒక కన్ను తెరిచి, "మెల్లగనే, పోయినేడు తలకాయ తాకింది" అని మళ్లీ మూసుకుంది. వెలుగు సంగతి నేనిప్పటికీ ఆమెను అడగలేదు.

ఆ తర్వాత అమ్మ వచ్చింది. అమ్మ అంతకుముందు ఎన్నడూ పడలేదు. ఎప్పుడూ నా మీదే ఒక కన్ను, ఇక పడేదెప్పుడు? ఆ రోజు నేను ఆమె వెనక ఉన్నాను కాబట్టి ఆమెకు కనబడలేదు. అయ్యగారి చేయి సరిగ్గా తగలనే లేదు, ఆమె వెనక్కి వచ్చేసింది. నాయనమ్మ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. మా అమ్మ అంత బరువుంటుందని నాకు తెలియదు. చాప మీద పడుకుని, పోయిన ఇద్దరినీ పేరు పెట్టి పిలుస్తూ చాలాసేపు ఏడ్చింది. వాళ్లకు పేర్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నేను దుప్పటి కప్పి పక్కనే కూర్చున్నాను.

కళ్లు తెరిచి నన్ను చూసింది. "నువ్వేనా పట్టుకున్నది?" అని అడిగింది. తలూపాను. నా చేతులు రెండూ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గట్టిగనే పట్టినవ్" అంది. ఆ తర్వాత ఆమె నాతో పడటం గురించిగానీ ఉపవాసం గురించిగానీ ఏనాడూ మాట్లాడలేదు. నా జలుబు ఆమెకు మామూలు జలుబే అయింది.

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. మా చర్చికి గోడలున్నాయి, కింద తివాచీ ఉంది, ఆరాధన ఫోన్లలో కూడా చూస్తారు. పట్టుకోవడానికి మెడలో కార్డులు వేసుకున్న ఆడపిల్లలున్నారు. అయినా ఆదివారం నేను వాళ్లతో నిలబడతాను. మోకాళ్ల నొప్పులు నీకు, కుర్చీల కూసోరాదె అని మా బిడ్డ గొణుగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ పడలేదు. ఎందుకు ముట్టలేదని దేవుణ్ణి అడగడం కూడా ఆ కట్టెల మోపు దగ్గరే ఖతం చేశాను.

మిల్లులో పనిచేసే ఆమె వస్తుంది, టీచరమ్మ వస్తుంది, పెనిమిటి పోయిన ఆమె వస్తుంది. క్షణం ముందు దాకా అన్నీ మోస్తూ నిలబడ్డ మనిషి, వెనక్కి ఒక్కసారి కూడా చూడకుండా నా చేతుల్లోకి వచ్చేస్తుంది. వెనక ఎవరో ఉన్నారన్న ఆ నమ్మకం దేవుడి మీదో, నా మీదో నాకు తెలియదు. ఆ మనిషి మాత్రం కింద పడకూడదు. అంతవరకు నా పని.