పంటు ఇసుకలో కూర్చున్న పూట

ఈ కబురు మొదట నాకు తెచ్చింది మా వీధికి చేపలు తెచ్చే మంగ. తట్ట దించకుండానే, "అక్కా, మీ మరిది బోటు రెండు రోజుల కిందటే రావాలంట, ఇంకా రాలేదంట. ఫోను కూడా కలవట్లేదంట" అంది.

మా చెల్లెలు సత్యది అంతర్వేది పక్కన పల్లిపాలెం. మరిది వెంకన్న సముద్రం మీద వేటకు వెళతాడు. వెంటనే సత్యకు ఫోన్ చేసి, "ఓపిక పట్టవే, స్వామి మీద భారం వెయ్యి" అని పావుగంట బోధించాను. నన్ను నాన్న బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఓపిక. ఇతరులకు చెప్పడంలో నాది ఎప్పుడూ ఫస్టుక్లాసే.

మర్నాడు సత్య దగ్గరికి బయల్దేరితే, భీమవరంలో ఏడింటి పాసింజరు ఏడూ నలభైకి వచ్చి తన పేరు నిలబెట్టుకుంది. నర్సాపురంలో దిగి, రెండు ఇడ్లీ తిని, ఆటోలో రేవుకు చేరేసరికి తొమ్మిదింబావు. ఇడ్లీ బాగుంది. చట్నీని దేవుడికే వదిలేశాను.

పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనూ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. నిండితే గానీ కదలదు. నిండింది. తాడు విప్పబోతుండగా గట్టు మీద నుంచి ఒకాయన, "కాస్త ఆగండి, మా బావగారు కాఫీ తాగుతున్నారు" అని కేకేశారు. గోదావరి మర్యాద కదా, ఆగారు. బావగారు తీరిగ్గా కాఫీ ముగించి వచ్చి అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టారు. ఈ మర్యాదలు పూర్తయ్యేసరికి ఆటు తగిలి నీళ్ళు తీసేశాయి. బయల్దేరి నది మధ్యకు చేరాక పంటు ఇసుక మేట మీద కూర్చుంది.

"చించినాడ వంతెన మీదుగా బస్సులో వెళ్ళుంటే ఈపాటికి అవతల ఉండేవాళ్ళమండి" అన్నారు బావగారు.

ఎవరూ ఆయన్ని నదిలోకి తొయ్యలేదు. అదీ మర్యాదే.

"ఎంతసేపండీ?" అని పంటు నడిపే ఆయన్ని అడిగాను.

"పోటు రావాలండి. నీళ్ళెక్కితే అదే లేస్తాది. మధ్యాహ్నం అవుద్ది."

కళ్ళు మూసుకున్నాను. స్వామీ, తొందరగా నీళ్ళు పంపు, మా మరిదిని తొందరగా ఒడ్డుకు చేర్చు. పైకే అన్నట్టున్నాను. ఖాళీ చేపల తట్ట బోర్లించుకుని కూర్చున్న ముసలావిడ, పేరు ఆదెమ్మ, సంగతేంటని అడిగింది. చెప్పాను.

"తొందరగా అని అడక్కమ్మా. ఇంజను చెడితే రెండ్రోజులు ఆలస్యం మామూలే. గోదారి సముద్రంలో కలిసే చోట ఇసుక మేటేసింది. నీళ్ళు లేనప్పుడు లోపలికొస్తే బోటు తిరగబడుద్ది. పోటు దాకా బయటే ఆగాలి."

"ఆ సంగతి వాళ్ళకి తెలుసు కదా మామ్మగారూ."

"మా ఆయనకీ తెలుసు. ఇల్లు కనబడ్డాక ఆగబుద్ధి కాదమ్మా."

తరువాత ఆవిడ తమలపాకు నమలసాగింది. నేను చేతి గడియారం తీసి సంచీలో వేశాను. అప్పటిదాకా అడిగిందంతా వెనక్కి తీసుకున్నాను. స్వామీ, వెంకన్నను ఆపు, నీళ్ళు వచ్చేదాకా ఆపు. ఆలస్యం చెయ్యమని మొక్కుకోవడం మా ఇంటావంటా లేదు.

ఒంటిగంటన్నరకు పంటు దానంతటదే లేచింది. అవతల ఆటో పట్టుకుని మూడింటికి పల్లిపాలెం చేరాను. సత్య రేవులో నిలబడి ఉంది. ఒక బోటు తాడు కట్టి లాగుతుంటే, వెనకాల వెంకన్న బోటు వస్తోంది.

దిగుతూనే వెంకన్న, "పొద్దున్నే వచ్చేశాం వదినా. దీపస్తంభం కనబడతానే ఉంది. పోదాం పదమని గోల పెట్టాను. ఆ లాగే బోటాయన కదిల్తే ఒట్టు. మొండి మనిషి" అన్నాడు.

ఆ మొండి మనిషికి మనసులోనే దణ్ణం పెట్టాను. "ఇంత ఆలస్యమా?" అని సత్య మొగుణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఓపిక గురించి నేను మాట్లాడలేదు.

మరుసటి రోజు అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని తిరుగు పంటు ఎక్కాను. వెంకన్న ఆగాడని చెబుదామని ఆదెమ్మ కోసం వెతికాను. కనబడలేదు. పంటు ఇరవై నిమిషాలు ఆలస్యం. గడియారం చూసుకోలేదు, రెండుసార్లు తప్ప.

ఆ దారిన వెళ్ళేవాళ్ళు నీళ్ళ మధ్య ఆగిపోతే, మీ మొక్కులయ్యాక ఆదెమ్మను ఒకసారి తలుచుకోండి. నాలుగు గంటల సేపు నా పక్కన కూర్చుని, తనకోసం ఆవిడ ఒక్కటీ అడగలేదు.