ఇంటికి ఒకటే ఏసీ

నేను చేసేది వైరింగు పనే అయినా, మా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే మా ఆవిడ నాకు చెప్పదు, పక్క వీధి ఎలక్ట్రీషియనుకు ఫోను చేస్తుంది. నేను కింద నిలబడి అతనికి స్క్రూడ్రైవరు అందిస్తాను. అలాంటి నన్ను నమ్మి మా పేట వ్యాసర్పాడిలో ఒక బిల్డరు తన పన్నెండు ఫ్లాట్ల బిల్డింగుకు కరెంటు లెక్క వేయమన్నాడు. ఏ ఇంటికి ఎంత కావాలి, అన్నింటికీ కలిపి వీధిలోంచి ఎంత లావు కేబులు లాగాలి, అదీ లెక్క.

ఎనిమిదో తరగతితో బడి మానేసినా లైట్లు, ఫ్యాన్లు, గ్రైండరు, గీజరు గబగబా వేసేశాను. ఏసీ దగ్గర ఆగాను. ఫ్లాటుకు మూడు గదులు, మూడు ఏసీ పాయింట్లు. కానీ మా పేటలో ఏసీ ఏ గదిలో ఉంటే ఇంటిల్లిపాదీ ఆ గదిలోనే చాపలు పరుచుకుంటారు. మా ఇంట్లో అయితే మా అత్తగారూ, ఆవిడ గురకా కూడా అందులోనే. అందుకని ఇంటికి ఒకటే ఏసీ అని రాశాను. బిల్డరు మురిసిపోయాడు. లోడు ఇంకాస్త పెరిగితే ట్రాన్స్‌ఫార్మరుకు జాగా వదలాల్సి వచ్చేది. ఆ జాగాలో కారు షెడ్డు కట్టి అమ్మేశాడు.

ఆ బిల్డింగులోనే మా అక్క ఫ్లాటు కొన్నది. మా బావకు ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషను మీదే బతుకుతున్నాడు. కొనే ముందు అక్క ఒకటే అడిగింది.

"ఆడ కరెంటు ఆగదు కదరా?"

"నేను లెక్క వేసిన బిల్డింగు అక్కా," అన్నాను.

రెండో ఎండాకాలానికి తెలిసింది, అక్కడికి వచ్చినవాళ్ళు చాపలు పరుచుకునే రకం కాదని. గదికో మనిషి, మనిషికో ఏసీ, ఇంట్లోంచే ఆఫీసు పని. మే నెల మధ్యాహ్నాల్లో వోల్టేజీ పడిపోయి బావ మిషను కీచుమంటూ ఆగేది. ఆ వెనకే మెయిన్ ఫ్యూజు పోయేది. ఇన్వర్టరు పెట్టాను. ఆ వోల్టేజీకి దానికి చార్జు ఎక్కేది కాదు. అక్క గొట్టం తీసి సిలిండరుకు తగిలించేది.

ఇంటింటికీ వెళ్ళి ఒక్క ఏసీ ఆపమని బతిమాలాను.

"మేం వేసేదే ఒకటి అన్నా," అన్నాడు రెండో అంతస్తాయన. అతని వెనక మూడు గదుల తలుపులూ మూసే ఉన్నాయి.

"మిగతా రెండు గదుల్లో వడియాలు ఎండబెట్టినారా సార్?" అన్నాను. నాలుగో తలుపు కూడా మూసుకుంది.

బిల్డరు దగ్గరికి పోతే, "నువ్వే కదప్పా రాసిచ్చినావు," అన్నాడు. నిజమే. లావు కేబులు వేయాలంటే ట్రాన్స్‌ఫార్మరు కావాలి, దానికి జాగా కావాలి, షెడ్డు కొన్నాయన ఇవ్వడు. నా చేతిలో మిగిలింది టెస్టరు ఒక్కటే.

ఒక మధ్యాహ్నం సిలిండరూ అయిపోయింది. ఇంకొకటి తెచ్చేసరికి బావ పెదవులు నల్లబడ్డాయి. ఆ వారమే అంబత్తూరులో పాత ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నారు. లిఫ్టు ఆగిపోయి ఉంటే బావను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాం. నాలుగు అంతస్తులూ ఆయన నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అంబత్తూరులో మిషను ఆగకుండా తిరుగుతూ ఉంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

"కరెంటు బాగుండాదే అక్కా. ఈ ఇంటికి లెక్క వేసిన మహానుభావుడు ఎవరో?" అన్నాను.

అక్క బావ ముక్కు దగ్గర గొట్టం సర్దుతూ ఉంది.

"తెలీదురా. మనోడు మాత్రం కాదు."