అవ్వ బిళ్లలు పారేసిన డాక్టరమ్మ

నేను ఎంబీబీఎస్ మొదటేడు. ఈ పొద్దు ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద అడ్రినల్ గ్రంథి చూస్తాండా. మూత్రపిండం మీద టోపీ మాదిరి కూర్చునే గ్రంథి అది. బయటి పొరలో కణాలు గుంపులు గుంపులు. దాని కింది పొరలో మాత్రం మా ఉరవకొండ శెనక్కాయ చేన్లో సాళ్ల మాదిరి వరుసలు. భలే ఉండాదే అనుకుంటాంటే మేడమ్ అన్నారు: "ఒంటికి కష్టమొస్తే కాపాడే కార్టిసాల్ ఈ వరుసల్లోనే తయారవుతుంది. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు మింగితే ఈ పొర పని మరిచి సన్నబడిపోతుంది. అప్పుడు బిళ్లలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది."

మా అవ్వ కీళ్లనొప్పులకు ఐదేండ్లుగా మింగుతాండేది స్టెరాయిడ్లని పోయిన ఆదివారం కనిపెట్టి, అవ్వనే తిట్టి, బిళ్లలన్నీ దిబ్బలో పారేసింది నేనే.

బయటికి ఉరికి నాయనకు ఫోన్ చేసినా.

"అవ్వ ఎట్లుండాది?"

"రెండు దినాలుగా లేస్తా లేదు, తిన్నదంతా కక్కుతాండాది. ఎండదెబ్బలే, మజ్జిగ తాపుతాండాం."

"ఎండదెబ్బ కాదు నాయనా! ఇప్పుడే ఆస్పత్రికి పిల్చుకపో. బిళ్లలు ఆపినామని డాక్టరుకు చెప్పు."

రెండు గంటలు ఫోన్ రాలేదు. ఆ గ్రంథి నట్టనడుమ పుట్టే అడ్రినలిన్ ఏం చేస్తాదో పుస్తకం తెరవకుండానే నా గుండె చెప్పింది.

సాయంత్రం సూది, సెలైన్ పడినాక అవ్వే మాట్లాడింది. "ఈసారి కడదాకా సదివినాక తిట్టు మే."

నాకింకా నాలుగేండ్ల సదువుండాది. అంతవరకూ మీ ఇండ్లలో బిళ్లలు ఎవరు పారేస్తాండారో చూసుకోండప్పా.