ఏటి నొక్కితే

నేను కోడ్ రాసే ఎడిటర్లో ఒక ఆదేశానికి ‘ఏటి’ అని, అంటే మా యాసలో ‘ఏమిటి’ అని, పేరు పెట్టుకున్నాను. కోడ్‌లో తెలియని మాట మీద కర్సర్ ఉంచి మీట నొక్కితే చాలు, దాని అర్థం, వాడుక చెప్పే డాక్యుమెంటేషన్ పక్కన తెరుచుకుంటుంది. బ్రౌజర్ తెరవక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఆ చివరిదాని కోసమే ఇదంతా చేశాను.

అంతకుముందు అడగడానికి నాకో మనిషి ఉండేవాడు. చుట్టం కాదు, విజయనగరం ఆఫీసులో పక్క కుర్చీవాడు. మా వైపు స్నేహితుణ్ణి కూడా బావ అనే పిలుస్తాం. ఆఫీసు ఎత్తేశాక అతను నౌపడలో, నేను గరివిడిలో, ఎవరింట్లో వాళ్ళం పని చేసుకుంటున్నాం. రోజుకు పదిసార్లు ఫోన్ చేసి “బావా, ఇదేటి?” అనేవాణ్ణి. తెలిస్తే చెప్పేవాడు. తెలియకపోతే “నాకూ తెల్దు బావ, ఉండు, ఇద్దరం సూద్దాం” అనేవాడు. ఆ వెతుకులాటలో సగం ఉప్పుమడుల మీద పడిన వాన గురించీ, వాళ్ళింట్లో ఉడుకుతున్న చేపల పులుసు గురించీ కబుర్లే.

ఒకరోజు విసుక్కున్నాడు.

“డాక్యుమెంటేషన్ సదువుకోలేవేటి బావ?”

అన్నదాంట్లో తప్పులేదు. కానీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం రోజులు కూర్చుని ఆ ఆదేశం రాశాను. వెతికింది దొరక్కపోతే ఏదో ఒక వాక్యం చూపించాలి కదా, అక్కడ వెక్కిరింపుగా అతని మాటే పెట్టాను.

పని వేగం పెరిగింది. సాయంత్రం దాకా నోరు విప్పని రోజులూ పెరిగాయి. ఒంటరిగా ఉందని ఎవరితో చెప్పను? చెప్పుకోడానికి ఉన్నది అతనొక్కడే, అతనితో నేను అలిగాను. ముందు తనే ఫోన్ చెయ్యాలని భీష్మించుకు కూర్చున్నాను.

నెలన్నర తర్వాత అతనే చేశాడు.

“ఏటి బావ, ఫోన్ సెయ్యడమే మానేసినావు?”

“అవసరం నేదు బావ. మీట నొక్కితే అన్నీ వచ్చెస్తన్నాయి.”

“మంచిదేలే” అని ఫోన్ పెట్టేశాడు.

గెలిచాననుకోబోయాను, ప్రాణం ఉసూరుమంది. ఎడిటర్ వైపు తిరిగి, ఎక్కడా దొరకని పిచ్చి అక్షరాలేవో కొట్టి, ‘ఏటి’ నొక్కాను.

నాకూ తెల్దు బావ, ఉండు, ఇద్దరం సూద్దాం.

ఫోన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను మళ్ళీ ‘ఏటి’ నొక్కాను.