పుంగనూరు చెరువులో లేవనన్న బోటు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఆషాఢంలో, నన్ను మదనపల్లెలోని సర్కారు వర్కుషాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. జీపులూ ట్రాక్టర్లూ బాగుచేయించి, బండి పనికొస్తుందో లేదో రాసి సంతకం పెట్టడం నా పని. ఆడమనిషి సంతకమని ముఖం చిట్లించినవాళ్లున్నారు గానీ, అది లేనిదే ఏ బండీ రోడ్డెక్కేది కాదు. చేరిన కొత్తలోనే పుంగనూరు దగ్గర పెద్ద చెరువులో ఉన్న రెస్క్యూ బోటును చూడమన్నారు.

చూడమన్నది మాటకే. తీర్పు మా ఇంజనీరుగారు ముందే చెప్పేశారు. బోటు నడిపే వెంకటప్ప పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలిపాడట, ఇంజను పాడైందట, నేను అలాగే రాసి సంతకం పెడితే చాలట. వెంకటప్ప శాంతిపురం మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి. ఆ సంతకం పడితే ఉద్యోగం పోవడమే కాదు, దొంగ అన్న పేరు ఇంటిదాకా వెళుతుంది. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు కదా.

ఇలాంటి బోటు మొదట ముక్కు పైకెత్తి నీళ్లను తోసుకుంటూ పోతుంది. వేగం అందుకున్నాక నీటిపైకి లేచి చదునుగా జారుతుంది. దాన్నే ప్లేనింగ్ అంటారు. సముద్రతీరంలో కొన్నప్పుడు ఆరుగురితో లేచిన బోటు, ఇక్కడ ఇద్దరితో లేస్తుంది, ఆరుగురు ఎక్కితే ముక్కెత్తి ఈడుస్తుంది. మునిగేవాళ్లను ఎక్కించుకుని రావలసిన బోటు అది.

వెంకటప్ప ఒక్క మాటే అన్నాడు. "నేను పెట్రోలు ముట్టలేదమ్మా. నువ్వు ఇప్పి సూడు. తప్పుంటే నేనే ఇంటికి పోతా."

విప్పాను. ట్యాంకు ఖాళీ చేయించి కొత్త పెట్రోలు పోయించాను. ప్లగ్గులు మార్చాను. సిలిండర్లన్నిట్లో కంప్రెషన్ సరిగా, సమానంగా ఉంది, అంటే ఇంజను లోపల ఏమీ దెబ్బతినలేదు. యాక్సిలరేటరు తీగ పూర్తిగా లాగుతోంది. ప్రొపెల్లర్‌ను మావాళ్లు ఫ్యాను అంటారు. దాని నడుమనున్న రబ్బరు బుష్ జారుతోందేమోనని రెంటిమీదుగా అడ్డంగా ఒక గీత గీసి నడిపించాను. గీత చెదరలేదు. బోటు అడుగున నాచు లేదు, లోపల నీళ్లు లేవు. అయినా ఆరుగురు కూర్చుంటే ఇంజను తిరగాల్సినంత తిరగడం లేదని మీటరు చెబుతోంది.

అప్పుడు తట్టింది. ఇంజను సరిగానే ఉంది, మనమే ఎత్తులో ఉన్నాం. కింది ఊళ్లవాళ్లు ఎండలకు తాళలేక మదనపల్లె వచ్చేది ఈ ఎత్తువల్లే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజను బలం కొంత తగ్గుతుంది. ఫ్యాను మాత్రం సముద్రతీరానికి తగినది, ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం తోసే రకం. నిండా మనుషులతో దాన్ని తిప్పేంత బలం ఇక్కడ ఇంజనుకు చాలడం లేదు.

ఇంజనీరుగారు నవ్వారు. "ఈడ లారీలు నడస్తా లేవామ్మా?"

"లారీకి గేర్లుండాయి సార్. దీనికి ఫ్యానే గేరు. టాప్ గేర్లో ఘాట్ రోడ్డెక్కమంటే ఏ లారీ ఎక్కతాది?"

ఆయన నవ్వు పోయింది. సంతకం పెట్టకపోతే బదిలీ తప్పదన్నారు. తల తీసి మొలేసినా పెట్టనన్నాను. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు కూడా.

బెంగళూరులో బోట్లు బాగుచేసే షాపునుంచి, ఒక్కో చుట్టుకు తక్కువ దూరం తోసే ఫ్యాను ఒకటి అడిగి తెచ్చాను. ట్రయలుకు ఆరో మనిషిగా ఇంజనీరుగారినే ఎక్కమన్నాను. అందరి ముందూ కాదనలేక ఎక్కారు. వెంకటప్ప యాక్సిలరేటరు తోశాడు. ముక్కు లేచింది, ఊగింది, దిగింది. బోటు నీటిమీద జారిపోయింది. ఇంజనీరుగారు రెండు చేతులా అంచు పట్టుకుని, "నిదానమప్పా, నిదానం" అన్నారు. అవతలి గట్టు దగ్గరపడేదాకా వెంకటప్ప తగ్గించలేదు. నేనూ తగ్గించమనలేదు.

తన మాట పోకుండా, పెట్రోలు కూడా ఒక కారణమని ఒక్క వాక్యం చేర్చమని తర్వాత ఆయన బతిమాలారు. చేర్చలేదు. నెల తిరక్కుండా నన్ను కుప్పం పంపారు. వెంకటప్ప బోటుమీదే ఉన్నాడు.

యంత్రంలో తప్పు దొరక్కపోతే దాన్ని నడిపేవాడిమీద పడటం మా శాఖల్లో అలవాటు. అంతకంటే ముందు యంత్రం ఏ నేలమీద, ఏ గాలిలో పనిచేస్తోందో చూడాలి. నేను నేర్చుకున్నది ఇంతే. కుప్పంలో చేరిన రోజే ఒక జీపు గురించి, డ్రైవరు పేరుతో సహా సిద్ధంచేసిన రిపోర్టు నా ముందు పెట్టి సంతకం చేయమన్నారు. స్పానర్లు తెమ్మన్నాను.